ఆరోగ్యశ్రీ పరిమితి పెంచడమా, పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) నిధులా, డాక్టర్ల రక్షణకు కొత్త చట్టమా: ఏది మేలు?

నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు, ప్రభుత్వం కట్టాల్సిన బకాయిల కోసం ఆరోగ్యశ్రీ సేవలు ఆపేసిన ప్రతిసారీ చుట్టాలు, కాలేజీ స్నేహితులు నన్ను అడిగేది ఒకటే. కుటుంబానికి ఉచిత వైద్యం పరిమితి 25 లక్షలు చేశారు కదా, మీ డాక్టర్లకు ఇంకా ఏం కావాలి అని. దాని వెనకాలే ఇంకొకటి వస్తుంది, మీ మీద దాడులు ఆగాలంటే గట్టి చట్టం వస్తే చాలదా అని. విడివిడిగా చాలామందికి చెప్పాను, ఇప్పుడు అన్నీ పక్కపక్కన పెట్టి రాస్తున్నాను. నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్ని. కాబట్టి నా మొగ్గు ఎటో మీరు ముందే ఊహించి ఉంటారు. అయినా కారణాలు చూసి మీరే తేల్చుకోండి.

ముందు ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇది మొదలుకాక ముందు, పిల్లాడి గుండె ఆపరేషన్ కోసం ముఖ్యమంత్రి సహాయ నిధి దరఖాస్తు పట్టుకుని నాయకుల ఇళ్ల చుట్టూ తిరిగిన తల్లిదండ్రులు ఎంతమందో. ఆ తిరుగుడు ఆగిందంటే ఈ పథకం వల్లే. కేన్సర్‌కి కీమో, కిడ్నీ పోయినవాళ్లకి డయాలసిస్, యాక్సిడెంటులో ఎముకలు విరిగినవాళ్లకి ఆపరేషన్, ఇవన్నీ పొలం అమ్ముకోకుండా జరుగుతున్నాయి. దీన్ని ఎత్తేయమని ఏ డాక్టరూ అనడు, నేనూ అనను. ఇప్పుడు ఏపీలో దీని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ. 2023 డిసెంబర్‌లోనే ఇక్కడ పరిమితి 25 లక్షలకు, అక్కడ 5 నుంచి 10 లక్షలకు పెంచారు.

నా పేచీ పరిమితి దగ్గరే. జనం వాడుకునే ప్యాకేజీల్లో (ఒక్కో చికిత్సకు పథకం కట్టే రేటు) చాలావాటి ఖరీదు వేలల్లోనే ఉంటుంది. ఒక కుటుంబం బిల్లు పది లక్షలు దాటడం అరుదు. పరిమితి పెంచినందువల్ల మా ఓపీలో కూర్చున్న వందలో తొంభై తొమ్మిది మందికి ఏమీ మారలేదు. ఆసుపత్రులకు కట్టాల్సిన డబ్బు మాత్రం సమయానికి కట్టలేదు. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు వేల కోట్ల బకాయిలున్నాయని సేవలు ఆపాయి. కార్డు ఉన్న మనిషి గేటు దగ్గర నిలబడి, ఏం చేయాలో తెలియక మాకే ఫోన్ చేస్తాడు. ఇంకో సంగతి, ఈ పథకం ముఖ్యంగా అడ్మిట్ అయినవాళ్లకి. నెలనెలా వాడాల్సిన బీపీ, షుగర్ మాత్రలకు పెద్దగా అక్కరకు రాదు. మన దగ్గర పేదవాడి జేబు ఎక్కువగా ఖాళీ అయ్యేదేమో మందులకీ, ఓపీ ఖర్చులకీనూ.

ఇక పీహెచ్‌సీ. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒకటి, ఏజెన్సీలో 20 వేలకు ఒకటి అన్నది లెక్క, ఇది మీకు తెలిసిందే. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం మా దగ్గర 172 రకాల మందులు, సబ్‌సెంటర్‌లో 105 రకాలు ఉండాలి. 2017 జాతీయ ఆరోగ్య విధానం ఆరోగ్యానికి పెట్టే డబ్బులో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికే పోవాలని చెప్పింది, 2025 నాటికి ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలని కూడా రాసుకుంది. ఆ సంవత్సరం వచ్చింది, పోయింది, ఖర్చు అక్కడికి చేరలేదు.

నా దృష్టిలో మొత్తం తేల్చేది ఒక్క విషయం: 30 రోజుల మాత్రలు ఒకేసారి, తెలిసిన మనిషి చేతుల మీదుగా ఇవ్వగలుగుతున్నామా లేదా. చదివేవాళ్లకి ఇది చాలా చిన్న సంగతిలా అనిపిస్తుందేమో గానీ, నాకు ఇంతకంటే పెద్దది కనిపించడం లేదు.

ఎందుకో చెబుతాను. స్టాకు తక్కువగా వచ్చిన నెలలో ఫార్మసిస్టు ఏం చేస్తాడంటే, అందరికీ సర్దాలి కదా అని 30 రోజులకు బదులు 10 రోజులకే అమ్లోడిపిన్ (బీపీ మాత్ర) ఇస్తాడు. ఆయన తప్పు లేదు, ఇండెంట్ (మందులు కావాలని పైకి రాసే పత్రం) పెట్టినంత రాదు. కానీ 10 రోజుల మాత్రలంటే నెలకు మూడుసార్లు రావాలి, మూడు రోజుల కూలి పోవాలి, ఆటో ఖర్చు అదనం. మిరపకోతల రోజుల్లో ఎవరొస్తారు? రారు. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, బాగానే ఉన్నాంలే అనుకుంటారు. మా దగ్గరకు వచ్చే ఒక ఆటో డ్రైవర్ బీపీ కార్డు నేను చాలా రోజులు టేబుల్ సొరుగులో ఉంచుకున్నాను. మొదటి నెలల గళ్లలో రీడింగు, మాత్రల సంఖ్య, ఏఎన్‌ఎం (ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త) సంతకం వరుసగా ఉన్నాయి. ఆ తర్వాత 10, మళ్లీ 10, ఆ తర్వాత గళ్లన్నీ ఖాళీ. ఆ ఖాళీ గళ్ల కాలంలోనే ఒకరోజు తెల్లవారుజామున ఆయనకు కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. 108లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు, పథకం కింద వైద్యం జరిగింది, ప్రాణం దక్కింది. చెయ్యి మాత్రం తిరిగి రాలేదు. వాళ్లావిడ సదరం (వైకల్య) సర్టిఫికెట్ గురించి అడగడానికి వచ్చినప్పుడు ఆ కార్డు కూడా తెచ్చి నా ముందు పెట్టింది.

లెక్క వేసి చూడండి. ఆ మాత్ర జనరిక్‌లో రూపాయి, రెండు రూపాయలు. ఆసుపత్రి ప్యాకేజీ వేలల్లో. పక్షవాతంతో మంచానికి పరిమితమైనవాళ్లకు ఏపీ ప్రభుత్వం 2024 జూలై నుంచి నెలకు 15 వేల పింఛను ఇస్తోంది, డయాలసిస్ వాళ్లకు 10 వేలు. ఆ పింఛన్లు న్యాయమైనవి, ఇవ్వాల్సిందే. కానీ పింఛనుకు దొరికిన డబ్బు మాత్రకు ఎందుకు దొరకదు? (అన్ని జబ్బులూ మాత్రతో ఆగుతాయని కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇంతవరకూ తేలనే లేదు. అక్కడ కూడా క్రియాటినిన్ పరీక్ష ఊళ్లోనే ముందుగా చేసి పట్టుకోవడమే మొదటి పని, అదీ ప్రాథమిక వైద్యమే.)

తెలిసిన మనిషి అని ఎందుకన్నానంటే, ఆవకాయ తగ్గించమని కొత్త డాక్టరు చెబితే తల ఊపి వెళ్లిపోతారు, వాళ్ల కోడలికి కాన్పు చూసిన ఏఎన్‌ఎం చెబితే వింటారు. ఆ ఏఎన్‌ఎంని మనం ఏం చేశాం? సగం రోజు ఫోను చేతికిచ్చి కూర్చోబెట్టాం. గర్భిణుల నమోదుకొక యాప్, టీకాలకొకటి, బీపీ షుగర్ సర్వేకొకటి, పొద్దున్నే ముఖం చూపించే హాజరుకొకటి. సిగ్నల్ లేక గుడి మెట్లెక్కి డేటా ఎక్కించేవాళ్లను చూశాను. పీహెచ్‌సీకి నిధులు అంటే గోడలకు రంగులు, బోర్డు మీద కొత్త పేరు అనుకుంటారు. నేను అడిగేది మందుల బడ్జెట్, ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్, ఖాళీ పోస్టులకు మనుషులు, స్టాకు అయిపోతే ఊళ్లోనే కొనే అధికారం. ఇప్పుడు పీహెచ్‌సీకి ఏడాదికి ఇచ్చే అన్‌టైడ్ ఫండ్ (అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకునే డబ్బు) 1.75 లక్షలు, అది కూడా వేళకు రాదు. అందులోనే ఫినాయిల్, బల్బులు, ట్యాంకు రిపేరు అన్నీ.

ఇప్పుడు చట్టం సంగతి. దాడుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే చట్టం వచ్చింది. మూడేళ్ల వరకు జైలు, 50 వేల వరకు జరిమానా, నాన్‌బెయిలబుల్, పగలగొట్టిన పరికరాలకు రెట్టింపు ఖరీదు కట్టాలి. కోవిడ్ కాలంలో కేంద్రం 2020లో అంటువ్యాధుల చట్టాన్ని సవరించి తీవ్ర గాయమైతే ఏడేళ్ల వరకు శిక్ష పెట్టింది. అయినా ఆ ఏడాది జూన్‌లోనే హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్లను కొట్టారు. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు మీద జరిగిన అత్యాచారం, హత్య తర్వాత ఐఎంఏ (భారత వైద్యుల సంఘం) పిలుపుతో 17న దేశమంతా ఓపీలు ఆపాం, కేంద్ర చట్టం కావాలన్నాం. సుప్రీంకోర్టు డాక్టర్ల భద్రత కోసం జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది.

చట్టం వద్దని నేను అనడం లేదు. రాత్రి డ్యూటీ చేసే ఆడవాళ్లకి శిక్ష పడుతుందన్న భయం ఎదుటివాడిలో ఉండటం చాలా అవసరం. కానీ ఉన్న చట్టం కింద సెక్షన్ వేయించడానికే డాక్టర్లు స్టేషన్లో గంటలు కూర్చోవాల్సి వస్తోంది, ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరం కాబట్టి చాలాసార్లు నోటీసు ఇచ్చి పంపించేస్తారు. ఆర్‌జీ కర్ తర్వాత కేంద్రం నుంచి ఒక మంచి ఉత్తర్వు వచ్చింది, దాడి జరిగితే ఆరు గంటల్లోగా ఆసుపత్రి అధిపతే సంస్థ తరఫున ఎఫ్‌ఐఆర్ పెట్టించాలని. దెబ్బలు తిన్న మనిషి ఒంటరిగా స్టేషన్ మెట్లెక్కనక్కర్లేదు. కొత్త చట్టం కోసం ఎదురుచూడటం కంటే ఇది ప్రతి పీహెచ్‌సీలో, ప్రతి ఏరియా ఆసుపత్రిలో అమలయ్యేలా చూడటం నాకు ఎక్కువ విలువైన పనిగా కనిపిస్తుంది. దాంతోపాటు లోపల గడియ పడే డ్యూటీ రూము, బాత్రూము, గేటు దగ్గర లైటు. వీటికి పార్లమెంటు అక్కర్లేదు, డబ్బు చాలు.

గౌరవం విషయానికొస్తే, మా దగ్గర తిట్లు ముందు తినేది డాక్టరు కాదు, మందుల కిటికీ వెనక కూర్చున్న ఫార్మసిస్టు, ఆ తర్వాత స్టాఫ్ నర్సు. "ఏందమ్మా, మూడు నెల్ల నుంచి తిప్పుతున్నారు, బిళ్లలు రాలేదా ఇంకా? మీరే అమ్ముకుంటున్నారా ఏంది?" అని ఒక పెద్దాయన అరిచినప్పుడు ఆయనలో నాకు రౌడీ కనిపించలేదు. కూలి మానుకుని వచ్చి ఒట్టి చేతులతో పోతున్న మనిషి కనిపించాడు. అంత మాట పడ్డ ఫార్మసిస్టు ఆ రోజు అన్నం తినలేదు, అదీ నిజం. అలమర నిండా మందులున్న నెలలో అదే పెద్దాయన ఆ అబ్బాయిని "బాబూ" అని పిలుస్తాడు. అందుకే దాడులు, నిధులు వేరువేరు డిమాండ్లు అంటే నేను ఒప్పుకోను.

పైనుంచి వచ్చే అవమానం కూడా ఉంది. తనిఖీకి వచ్చిన అధికారి రోగుల ముందే డాక్టరును నిలబెట్టి కేకలేస్తే, వీడియో కాన్ఫరెన్సులో వందమంది వింటుండగా ఏఎన్‌ఎంని ఏకవచనంలో కసిరితే, చూసిన జనం అదే నేర్చుకుంటారు. లోపాలుంటే గదిలో పిలిచి అడగండి, మెమో ఇవ్వండి. దీనికి పైసా ఖర్చు లేదు, చట్టమూ అక్కర్లేదు.

మిగతావి క్లుప్తంగా. ఊళ్లకు వచ్చే 104 వైద్య వాహనం మంచిదే, మంచం దిగలేని ముసలివాళ్లకి దేవుడే. కానీ అందులో వెళ్లే డాక్టరు మా పీహెచ్‌సీ డాక్టరే, ఇక్కడ రెండో పోస్టు ఖాళీగా ఉంటే ఓపీ మూతపడ్డట్టే. ఈ-సంజీవని, అంటే వీడియోలో డాక్టరు సలహా, చర్మ వ్యాధులకు, స్పెషలిస్టు సలహాకు పనికొస్తుంది. మెగా మెడికల్ క్యాంపులు బీపీ కనిపెట్టి వెళ్లిపోతాయి, రెండో నెల మాత్ర ఎవరిస్తారో వాటికి పట్టదు.

మా సంఘాలకు కూడా ఒక మాట. 2024లో, మళ్లీ 2025లో ఏపీలో పీహెచ్‌సీ డాక్టర్లు పీజీ ఇన్‌సర్వీస్ కోటా (పీజీ సీట్లలో ప్రభుత్వ డాక్టర్లకు కేటాయించే వాటా) కోసం విధులు ఆపారు. కోటా న్యాయమైన కోరిక. ఏజెన్సీకి వెళ్లి పనిచేసే కుర్ర డాక్టరుకి అదొక్కటే ఆశ, అది తీసేస్తే పీహెచ్‌సీకి ఎవరూ రారు. కానీ వినతిపత్రంలో మొదటి పేరా అదైతే, చదివిన జనానికి డాక్టర్లు తమ సీట్ల కోసం కొట్లాడుతున్నారనే కనిపిస్తుంది. మందుల బడ్జెట్ మొదటి డిమాండ్‌గా, ఏఎన్‌ఎం, ఆశ కార్యకర్తల మీద పనిభారం రెండోదిగా పెట్టి, కోటా మూడోదిగా పెడితే ఊరు మన వెంట వస్తుంది. థాయిలాండ్‌లో 1970ల నుంచి గ్రామీణ వైద్యులు సంఘం పెట్టుకుని జిల్లా ఆసుపత్రుల కోసం, పల్లె వైద్యం కోసం గొంతెత్తారు. ఆ బృందం నుంచి వచ్చినవాళ్లే 2002 నాటికి దేశమంతటా 30 బాత్‌ల పథకం (ఒకసారి చూపించుకోవడానికి 30 బాత్‌లే, అంటే ఆ దేశ నాణేలే, కట్టే పథకం) తేవడంలో ముందున్నారు. అక్కడ డబ్బు తలకింత చొప్పున స్థానిక ఆసుపత్రుల జట్టుకే ముందుగా వెళ్తుంది. జబ్బు ముదిరాక బిల్లు పెట్టుకునే పద్ధతి ఇంకా మనది.

ఇదంతా చదివి మనమేం చేయగలం అని అడిగేవాళ్లకి: మీ పీహెచ్‌సీకి హాస్పిటల్ డెవలప్‌మెంట్ సొసైటీ ఒకటి ఉంటుంది, స్థానిక ప్రజాప్రతినిధులు కూడా అందులో ఉంటారు. సమావేశం ఎప్పుడో కనుక్కుని మీవాళ్ల చేత మూడు అడిగించండి. బీపీ, షుగర్ మాత్రలు ఈ మూడు నెలలకు ఎన్ని ఇండెంట్ పెట్టారు, ఎన్ని వచ్చాయి? ఖాళీ పోస్టులు ఏవి, ఎప్పటినుంచి? రాత్రి డ్యూటీ నర్సు గదికి గడియ ఉందా? జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించండి. ఆ పేజీ జిరాక్స్ పట్టుకుని మేము డీఎంహెచ్‌వో (జిల్లా వైద్యాధికారి) ఆఫీసుకు వెళ్తే, మాకు వేరే వినతిపత్రం అక్కర్లేదు.