జాగ్రత్త: "లాంకాస్టర్‌లోంచి తీసినట్టే ఉంది తమ్ముడూ" అని ఆర్1155 చూపిస్తే ముందు కవర్ విప్పించండి

రాత్రి రెండైంది, నిద్ర పట్టట్లేదు, ఇది రాసేస్తే గానీ పట్టేలా లేదు. తప్పులుంటే సర్దుకోండి. ఎవరి గురించో వేరే చెప్పక్కర్లేదు, యూకేలో పాత మిలటరీ రేడియోల పిచ్చి ఉన్న తెలుగువాళ్లం ఉన్నదే గుప్పెడు మందిమి, అందులో "అన్న" అంటే ఒక్కడే. పేరు రాయను, రాస్తే లాయరూ గీయరూ అంటాడు మళ్లీ.

మొన్న శనివారం కోవెంట్రీ నుంచి రెండున్నర గంటలు బండి నడుపుకుంటూ వెళ్లి ఆయన గరాజ్‌లో ఉన్న ఆర్1155 కొన్నా, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ బాంబర్లలో వాడిన రేడియో రిసీవర్. 420 పౌండ్లు. అవును, ఫోర్ ట్వంటీ. ఆ అంకె విన్నప్పుడైనా బుర్ర వెలగాల్సింది, వెలగలేదు.

అంత మోజెందుకంటే మా అమ్మమ్మది వైజాగ్. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలొచ్చి వైజాగ్ మీదా కాకినాడ మీదా బాంబులేసినప్పుడు జనం మూటా ముల్లే కట్టుకుని పల్లెలకి పరిగెత్తిన కథ చిన్నప్పుడు వంద సార్లు చెప్పి ఉంటుంది. తాతయ్యేమో పొద్దున్నే వాల్వు రేడియో (ట్రాన్సిస్టర్లు రాకముందు గాజు గొట్టాలతో నడిచేది) స్విచ్ వేసి, అది వేడెక్కి మాట్లాడేలోపు పళ్లు తోముకుని వచ్చేవాడు. యుద్ధమూ వాల్వులూ రెండూ ఒకే డబ్బాలో దొరుకుతాయంటే నేనెక్కడ ఆగుతాను.

ఆర్1155 అంటే తెలియని వాళ్లకి రెండు ముక్కలు. లాంకాస్టర్, హాలిఫాక్స్ లాంటి బాంబర్లలో వైర్‌లెస్ ఆపరేటర్ ముందుండే రిసీవర్ ఇది, పక్కనే ఎరుపు, పసుపు, నీలం నాబ్‌లతో టీ1154 ట్రాన్స్‌మిటర్ ఉండేది. 75 కిలోహెర్ట్జ్ నుంచి 18.5 మెగాహెర్ట్జ్ దాకా ఐదు బ్యాండ్లు, పది వాల్వులు. ఆ పదిలో మూడు మామూలుగా స్టేషన్లు వినడానికి అక్కర్లేదు, అవి డీఎఫ్ కోసం, అంటే దిక్కు కనిపెట్టడానికి. విమానం వీపు మీద పారదర్శకమైన బుడగలో ఒక లూప్ యాంటెన్నా ఉంటుంది, దాన్ని తిప్పుతూ పోతే సిగ్నల్ ఎక్కడ సన్నబడుతుందో దాన్ని బట్టి స్టేషన్ ఏ వైపుందో తెలుస్తుంది, లేదంటే మీటర్‌లో రెండు ముళ్లు ఎక్కడ కలుస్తాయో చూసి చెప్పొచ్చు. కింద దీపం లేదు, పైన మబ్బు, అలాంటి రాత్రి ఇంటి దారి పట్టుకోవడానికి ఉన్న ఆధారాల్లో అదొకటి. నా దృష్టిలో ఆ సెట్ ప్రాణం అదే, మిగతాదంతా మంచి షార్ట్‌వేవ్ రేడియో, అంతే.

యుద్ధం అయిపోయాక ఇవి మిలటరీ మిగులు సరుకులో చవగ్గా వచ్చి పడ్డాయి, కొన్న కుర్రాళ్లు చాలామంది ఆ డీఎఫ్ భాగం పీకేసి ఆ ఖాళీలో పవర్ సప్లయో, స్పీకర్ మోగడానికి 6వీ6 అనే వాల్వుతో అవుట్‌పుట్ స్టేజో పెట్టుకున్నారు (ఒరిజినల్ సెట్ హెడ్‌ఫోన్లకే, స్పీకర్‌ని తోయలేదు). వాళ్ల మీద నాకేం కోపం లేదు, డబ్బుల్లేని రోజుల్లో ప్రపంచం వినడానికి చేసుకున్న ఏర్పాటు అది. కాకపోతే ఇవాళ ముట్టుకోని సెట్ దొరకడం కష్టం, అందుకే రేటు తేడా. పీకేసిందైతే నేను సగం కూడా పెట్టను.

అందుకే ఫోన్‌లో మూడుసార్లు అడిగా, అన్నా డీఎఫ్ ఉందా, డీఎఫ్ ఉందా అని. "తమ్ముడూ, స్క్రూ డ్రైవర్ తగల్లేదు దానికి, లాంకాస్టర్‌లోంచి తీసినట్టే ఉంది, నువ్వు మనోడివి కాబట్టి ఇస్తున్నా" అన్నాడు. మనోడు. ఆ మాట దగ్గరే మనందరం పడిపోతాం.

వెళ్లగానే సెట్ చూపిస్తాడనుకుంటే ముందు భోజనం అన్నారు. వదిన పప్పుచారు, బెండకాయ వేపుడు, గోంగూర పచ్చడి పెట్టింది, ఆవిడ తప్పేం లేదు, చాలా మంచి మనిషి. కడుపు నిండా తిన్నాక గరాజ్‌లోకి వెళ్లి "అన్నా కొంచెం కవర్ తీసి చూద్దామా" అని అడగాలంటే నోరు రాలేదు. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉంది కదా, పూర్తిగా రాయను, అదే నా పరిస్థితి.

ఆయన తన సప్లయి పెట్టి ఆన్ చేశాడు. ఒక్కో వాల్వూ వేడెక్కుతున్న ఆ వాసన తెలుసు కదా, దుమ్మూ మైనమూ కలిసిన వాసన, అది రాగానే నా బుద్ధి సగం పోయింది. స్టేషన్ సరిగ్గా కుదిరిందో లేదో చూపించే మ్యాజిక్ ఐ వాల్వు ఆకుపచ్చగా వెలిగింది. హెడ్‌ఫోన్లలో మీడియం వేవ్ మీద ఎవరో ఫుట్‌బాల్ కామెంటరీ చెప్తున్నారు. మాస్టర్ స్విచ్ ఆమ్నీ మీద, అంటే మామూలుగా వినడం మీద ఉంది. మీటర్‌లో దిక్కు చూసే విజువల్‌కి తిప్పబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు, "లూప్ లేకుండా తిప్పకు తమ్ముడూ, ఎనభై ఏళ్ల స్విచ్, విరిగితే మళ్లీ దొరకదు" అన్నాడు. ఎంత జాగ్రత్త మనిషో అనుకున్నా! అక్కడికక్కడే ఫోన్ తీసి బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ కొట్టేశా. ఆ ఆకుపచ్చ కన్ను నాకు కన్ను కొడుతోందని ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంటికొచ్చి ఆదివారం తీరిగ్గా కూర్చుని, కవర్ తీసే ముందు ఊరికే డీఎఫ్ భాగానికి చెందిన మీటర్ బ్యాలెన్స్ నాబ్ తిప్పా. గిర్రున తిరిగింది. ఆపడానికి అటో ఇటో ఒక కొస ఉండాలి కదా, లేదు, బొంగరంలా తిరుగుతూనే ఉంది. గుండె ఝల్లుమంది. స్క్రూలు విప్పి చూస్తే డీఎఫ్ ఉండాల్సిన చోట అల్యూమినియం రేకు ముక్క, దాని మీద 6వీ6 బేస్, నత్తగుల్లల్లాంటి సోల్డరింగ్. వాల్వులు లెక్కపెట్టా. ఏడు ఒరిజినల్‌వి, ఒక 6వీ6. ఆ మూడూ లేవు, వాటి సాకెట్లూ లేవు.

ఇక్కడిదాకా అయితే ఓర్చుకునేవాణ్ణి, పాపం ఆయనకీ తెలియదేమో అనుకునేవాణ్ణి. నాబ్ వెనక చూశా. ప్యానెల్ చిల్లులోంచి అర అంగుళం ఇత్తడి షాఫ్ట్ ముక్క, వదులు బుష్‌లో తిరిగేలా పెట్టి, అది ఊడిపోకుండా లోపల వాషర్ వేసి ఆరాల్డైట్‌తో అంటించాడు. డీఎఫ్ నాబ్‌లన్నిటికీ అదే వైద్యం. ఆ ఇత్తడి కోసిన అంచు ఇంకా తళతళలాడుతోంది, ఆరాల్డైట్ గోరు పెడితే ఇంకా కొంచెం మెత్తగానే ఉంది. రేకు కొట్టినవాడు 1950ల్లో కొట్టి ఉంటాడు. ఈ జిగురు మాత్రం పోయిన వారానిది. నా కోసమే అంటించింది.

ఫోన్ చేశా. ఎత్తలేదు, ఎత్తలేదు, సాయంత్రానికి ఎత్తాడు. నేను అరవలేదు, ఒట్టు, మర్యాదగానే అడిగా, అన్నా డీఎఫ్ లేదు కదా, నాబ్‌లు అంటించారు కదా అని. ఒక్క క్షణం ఆగి నవ్వాడు. నవ్వి ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: "నీకు డీఎఫ్ ఎందుకయ్యా, రాత్రికి బెర్లిన్ మీద బాంబులెయ్యడానికి పోతున్నావా ఏంటి?"

తమ్ముడు పోయి "అయ్యా" వచ్చింది గమనించారా. 420 పౌండ్లు పడగానే చుట్టరికం తెగిపోయింది.

ఆ మాట దగ్గర నాకు నోట మాట రాలేదు. డబ్బు పోయినందుకు కాదు. లాంకాస్టర్‌లో ఏడుగురు ఎక్కేవాళ్లు, బ్రిటిష్ వైమానిక దళంలోని బాంబర్ కమాండ్ మొత్తం మీద 55,573 మంది చచ్చిపోయారు, ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న పిల్లలు. ఆ సెట్ ముందు కూర్చుని చలిలో అర్ధరాత్రి హెడ్‌ఫోన్లు నొక్కుకుని విన్న కుర్రాడెవడో ఉంటాడు కదా, వాడికి ఆ ముళ్లు కలవడం జోక్ కాదు. బాంబులేసేవాళ్లని నేనేం నెత్తిన పెట్టుకోవట్లేదు, మా అమ్మమ్మ కథలు విన్నవాణ్ణి, కింద ఉన్నవాళ్ల సంగతీ నాకు తెలుసు. కానీ ఈయన సంవత్సరం పొడుగునా మా రేడియో గ్రూపులో "హిస్టరీ, హెరిటేజ్, మన బాధ్యత" అని పోస్టులు పెడతాడే, ఆ నోటితోనే ఈ మాట.

తర్వాత "చూసి కొనుక్కున్నావు, కవర్ తియ్యొద్దని నేనన్నానా" అన్నాడు. నిజమే, అనలేదు. గోంగూర పచ్చడి పెట్టాడు, అంతే. సగం డబ్బులన్నా ఇమ్మన్నా, పెట్టేశాడు ఫోను. పొద్దున్న చూస్తే గ్రూపులోంచి తీసేశాడు, అడ్మిన్ ఆయనే కదా.

ఇందాక ఇద్దరు ప్రైవేట్‌గా మెసేజ్ పెట్టారు, "మాకూ ఒక సెట్ విషయంలో ఇలాగే చేశాడు బ్రో" అని. మరి అప్పుడే చెప్పొచ్చు కదా నాయనా? సిగ్గేసి చెప్పలేదట. సరే, నాకూ సిగ్గుగానే ఉంది, పద్దెనిమిదేళ్లుగా ఎలక్ట్రానిక్స్‌లో ఉండి వాల్వులు లెక్కపెట్టకుండా కొన్నానని మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

కొనేవాళ్లు ఎవరైనా ఉంటే: కవర్ విప్పించండి, పది వాల్వులున్నాయో లేదో లెక్కపెట్టండి, ప్రతి నాబ్ తిప్పి చూడండి, ముందు తగిలించిన ఎయిర్ మినిస్ట్రీ ప్లేట్‌ని చూసి మురిసిపోకండి. కుదిరితే డబ్బు కార్డు మీద కట్టండి. ఇంకోటి, అంతకుముందు వాళ్లింట్లో భోజనం చెయ్యకండి. ఇంటికి తెచ్చాక కూడా నేరుగా ఫుల్ హెచ్‌టీ (వాల్వులకిచ్చే హై వోల్టేజ్) ఇవ్వొద్దు, పాత పేపర్ కండెన్సర్లు లీకవుతుంటాయి, 220 వోల్టులు సరదా కాదు.

ఆ పచ్చడి సీసా ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది, వచ్చేటప్పుడు వదిన చేతిలో పెట్టింది. పారేయడానికి మనసొప్పట్లేదు, తినబుద్ధీ కావట్లేదు.

ఎవరి దగ్గరైనా చచ్చిపోయిన ఆర్1155 ఉండి, అందులో డీఎఫ్ భాగం మిగిలి ఉంటే చెప్పండి, ఆ మూడు వాల్వులూ సాకెట్లతో సహా కావాలి. డబ్బిస్తాను. కవర్ తీసి చూశాకే.