మైండ్‌ఫుల్‌నెస్ బృంద కౌన్సెలింగ్: ఏడాదిన్నర తర్వాత

చదువు ముగిశాక దాదాపు రెండేళ్లు గదికే పరిమితమయ్యాను. ఫోను మోగితే, అది ఆగేదాకా దానివైపే చూస్తూ కూర్చునేవాణ్ని. ఆ స్థితిలో ఈ మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని మంచిచెడ్డలు ఎంచకుండా గమనించడం) కౌన్సెలింగ్ బృందంలో చేరాను. మొదట ఎనిమిది వారాలు, వారానికోసారి రెండు గంటలు. ఆ తర్వాత నెలకోసారి.

ఈ ఎనిమిది వారాల పద్ధతికి మూలం 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ ప్రారంభించిన ఒత్తిడి తగ్గింపు కార్యక్రమం. దీర్ఘకాలిక నొప్పులతో బాధపడేవారు అందులో ఎక్కువగా చేరేవారు. మా కౌన్సెలర్ దాన్ని మాలాంటి వారికి తగ్గట్టు మార్చి, ధ్యానానికి ఎంత సమయమో మాటలకూ అంతే ఇచ్చారు. నాకు మేలు చేసింది ఆ మార్పే.

మొదటి రోజు తలా ఒక ఎండుద్రాక్ష ఇచ్చి, దాని ముడతలు చూడమన్నారు, వాసన చూడమన్నారు, చెవి దగ్గర పెట్టి నలపమన్నారు. నా ధ్యాసంతా వణుకుతున్న నా వేళ్ల మీదే ఉంది. ఏం గమనించారని అడిగినప్పుడు ఎదురుగా కూర్చున్న అమ్మాయి, "నా చేయి వణకడం అందరికీ కనిపిస్తుందేమోనని భయపడ్డాను, రుచే తెలియలేదు" అంది. "నాకూ అంతే" అన్నాను. ఆ రోజు నేను మాట్లాడింది ఆ రెండు మాటలే. ఇంకా చెప్పమని ఎవరూ బలవంతపెట్టలేదు. అంతకుముందు ఫోనులో ఇవే అభ్యాసాలు మూడు నెలలు ఒంటరిగా చేశాను. ఆ రెండు మాటలు అనే అవకాశం అక్కడ లేదు.

'నేనంటే వాళ్లకు విసుగు' అనే ఆలోచన ఇప్పటికీ వస్తుంది, ఛాతీ బిగుసుకుంటుంది. అది మళ్లీ వచ్చిందని గుర్తించి, మూడుసార్లు నిదానంగా ఊపిరి తీసుకుని ఫోను ఎత్తుతున్నాను.

పడుకుని, కళ్లు మూసుకుని ఒక్కొక్క అవయవాన్నీ గమనించే అభ్యాసం మాత్రం నాకు సరిపడలేదు. మూడో వారం మధ్యలోనే ఊపిరాడనట్లయి లేచి కూర్చున్నాను. కళ్లు తెరిచి, పాదాల కింది నేలను గమనించవచ్చని అప్పుడు చెప్పారు. మొదటి రోజే చెప్పాల్సిన మాట అది! తీవ్రమైన దిగులు, చనిపోవాలనే ఆలోచనలు ఉన్నవారు ముందుగా మానసిక వైద్యుల్ని కలవాలి. బృందం ఆ చికిత్సకు బదులు కాదు.

ఎనిమిదో వారం ముగిశాక నెలవారీ సమావేశాలు మొదలయ్యేలోపు చాలా రోజులు ఖాళీ వచ్చింది. నేను మళ్లీ తలుపు మూసుకున్నాను. చేరబోయేవారు ముందే అడగండి: తొమ్మిదో వారం మమ్మల్ని ఎవరు పిలుస్తారు?