ఉప్పుగాలిలో పవర్ విండో: రిపేరు చేయించి ఏళ్లు వాడాక నా అభిప్రాయం

విశాఖలో కారున్న వాళ్లకి ముందే చెబుతున్నాను. పవర్ విండో పనిచేయకపోతే, మోటారు మార్పించుకునే ముందు స్విచ్ విప్పి చూపించమని అడగండి. మాది చిన్న పెట్రోలు కారు. ఎంవీపీ కాలనీలో ఆరుబయటే ఉంటుంది, రోజూ బీచ్ రోడ్డు మీదుగానే వెళ్లొస్తుంది. దాని కిటికీలకు చేయించిన రిపేర్లలో ఏది నిలబడిందో, ఏది నిలబడలేదో చెప్పగలిగినంత కాలం వాడాను.

మొదట పేచీ పెట్టింది డ్రైవర్ వైపు అద్దం. కిందికి చక్కగా దిగేది, పైకి రమ్మంటే మొరాయించేది. వానాకాలంలో అయితే మరీనూ. చూపించిన చోట "మోటారు పోయింది సార్, సెట్టంతా మార్చేద్దాం" అన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మా కారులాంటి మామూలు ఏర్పాటులో మోటారుకి వెళ్లేవి రెండే వైర్లు. స్విచ్ నొక్కితే కరెంటు ఒక దిక్కుగా, పైకి లాగితే దానికి ఎదురుగా పారుతుంది. రెండు పనులకీ అదే మోటారు, లోపల అదే తీగచుట్ట. కిందికి హాయిగా తిరిగే మోటారు పైకి మాత్రమే కాలిపోవడం జరగదు. ఇక ముందుగా అనుమానించాల్సినవి రెండు: స్విచ్‌లో పైకి లాగినప్పుడు కరెంటు కలిపే లోహపు కాంటాక్ట్ అయినా చెడి ఉండొచ్చు, అద్దం జారే రబ్బరు గాడి అయినా బిగుసుకుని ఉండొచ్చు.

ఏదో తేల్చడానికి పనిముట్లు కూడా అక్కర్లేదు. చీకటి పడ్డాక ఇంజన్ ఆపేసి, తాళం ఆన్‌లో పెట్టి, కారు లోపలి లైటు వేసి స్విచ్ లాగి చూడండి. లైటు కాస్త మందగిస్తే మోటారుదాకా కరెంటు వెళ్తోంది, అద్దమే ఎక్కడో పట్టేసింది అని అర్థం. లైటు చలించకపోతే స్విచ్, ఫ్యూజు, వైర్లలో వెతకాలి. మా కారులో లైటు చలించలేదు. అద్దం దిగుతోంది కాబట్టి ఫ్యూజు బాగానే ఉన్నట్టు. బ్యాటరీ వైరు తీసి స్విచ్ విప్పిస్తే, కాంటాక్టుల మీద పచ్చగా చిలుము! సముద్రపు తేమ, కిటికీ తెరిచినప్పుడు పడే చినుకులు నేరుగా చేరేది అక్కడికే మరి.

కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మెత్తటి బ్రష్‌తో తుడిస్తే అద్దం మళ్లీ పైకి లేచింది. ఆ శుభ్రం చాలాకాలమే నిలిచింది గానీ, పూత ఒకసారి పోయిన కాంటాక్టుకి చిలుము తిరిగి పడుతుంది. తర్వాత కంపెనీ స్విచ్చే వేయించాను. చౌక రకం కూడా మధ్యలో వాడి చూశాను. దాని బటన్లు త్వరగానే వదులైపోయాయి. నన్నడిగితే ఈ ఒక్క వస్తువు దగ్గర పొదుపు చూడకండి. డ్రైవర్ దగ్గరి స్విచ్ బోర్డే చాలా కార్లలో మిగతా కిటికీలకీ దారి. అది పాడైతే వెనక డోరు సొంత స్విచ్ కూడా పనిచేయకపోవచ్చు.

నేను మెచ్చుకునే రెండో వస్తువు సిలికాన్ స్ప్రే. పోర్టు వైపు నుంచి వచ్చే నల్లటి ధూళి రబ్బరు గాడుల్లో పేరుకుని అద్దాన్ని గట్టిగా పట్టేస్తుంది. ముందు తడిగుడ్డతో గాడి తుడిచి, ఆరాక స్ప్రే కొడితే అద్దం వేగంలో తేడా అప్పుడే కనిపిస్తుంది. ఇంజన్ ఆయిలు, గ్రీజు మాత్రం వద్దు. ఆయిలుకి రబ్బరు ఉబ్బుతుంది, గ్రీజుకి దుమ్ము అతుక్కుంటుంది. వానలు మొదలయ్యే ముందు ఈ పని తప్పకుండా చేస్తాను.

వెనక డోరు సంగతి వేరు. అక్కడ మోటారు చప్పుడు వినిపించేది, అద్దం కదిలేది కాదు. మోటారు తిరిగితే అద్దాన్ని పైకీ కిందికీ జరిపే రెగ్యులేటర్‌లో కేబుల్ తెగిపోయింది, మార్చక తప్పలేదు. బయటి రకం వేయించాను. చప్పుడు కాస్త ఎక్కువే అయినా, తక్కువగా వాడే డోరు కాబట్టి దానికి అది చాలు.

ఆ పని జరుగుతున్నప్పుడు దగ్గరే నిలబడండి. డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీట్ అతికించి ఉంటుంది. అద్దం పక్కనుంచి డోరులోకి కారే వాననీళ్లు కారు లోపలికి రాకుండా ఆపేది అదే. చాలామంది మెకానిక్‌లు దాన్ని చించి పక్కన పారేస్తారు. తర్వాత కాళ్ల కింద మ్యాట్ తడిసి ముక్కవాసన వస్తుంటే కారణం ఎవరికీ తట్టదు. షీట్ తిరిగి అంటించమనండి, డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు కూడా శుభ్రం చేయించండి. డోరు తీసినప్పుడు కిటికీ పనిచేసి, డోరు వేస్తే ఆగిపోతుంటే మాత్రం, డోరుకీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో వైరు విరిగి ఉండొచ్చు. పైతొడుగు బాగానే ఉన్నా లోపల తీగ తెగుతుంది.

రుషికొండ దగ్గరో భీమిలి దారిలోనో వానలో అద్దం సగంలో ఆగిపోతే టెన్షన్ పడి స్విచ్‌ని అదేపనిగా లాగకండి. మోటారు వేడెక్కితే లోపలి రక్షణ కాసేపు దాన్ని ఆపేస్తుంది. కొన్ని నిమిషాలు ఆగి, రెండు అరచేతులతో అద్దాన్ని ఇరువైపులా అదిమిపట్టి పైకి జరుపుతుంటే పక్కవాళ్లని స్విచ్ లాగమనండి. గాడి బిగుసుకున్న అద్దం చాలాసార్లు అలా పైకి వచ్చేస్తుంది.