ర్యాంకుల బోర్డు చూసి సీటు కొన్నాం: చిత్తూరు, తిరుపతి తల్లిదండ్రులారా, కాస్త జాగ్రత్త

ఇంటర్ ఫలితాలు వచ్చాయి కదా, పిల్లలున్న ఇంట్లో ఇక ఫోన్ ఆగదు. ‘సార్, మీ పాపకు మా యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ వచ్చింది’ అంటూ రోజుకు నలుగురు చేస్తారు. 2024లో నేను అలాంటి ఒక ఫోన్‌కే పడిపోయాను. దాదాపు లక్ష రూపాయలు, దానితో పాటు ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చిన కన్వీనర్ కోటా సీటు చేతులారా పోగొట్టుకున్నాను. ఆ యూనివర్సిటీ పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు దాన్నొక్కదాన్నే వదిలేసి, అదే పని చేసే ఇంకోదానిలో చేర్చేస్తారు.

నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను. లారీ గేటు దగ్గరికి వస్తే కాయ కోసి, ఒక చుక్క రసం రిఫ్రాక్టోమీటర్ మీద వేసి, బ్రిక్స్, అంటే తీపి, ఎంతుందో చూడందే లోడు దించనివ్వం. తోతాపురి గుజ్జుకు కనీసం 14 రావాలి. కార్బైడ్ వేసి మాగబెట్టిన కాయ పైకి పసుపు ముద్దలా మెరుస్తుంది, చుక్క వేసి చూస్తే తీపి ఉండదు. ఏళ్ల తరబడి చేస్తున్న పని ఇదే. అలాంటి నేను సొంత పాప చదువు దగ్గరికి వచ్చేసరికి రంగు చూసి లోడు దించుకున్నాను. సాకు అనుకోకపోతే ఒక మాట: అడ్మిషన్లు జరిగే నెలలే మాకు సీజన్. ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు అయ్యేది. అంత రాత్రి ఇంకేం చదువుతాను, వాళ్లిచ్చిన రంగుల బ్రోషర్ తప్ప.

తిరుపతిలో బాలాజీ కాలనీ వైపు ఒక కన్సల్టెన్సీ ఆఫీసుకు వెళ్లాం, నేనూ పాపా. అక్కడి కుర్రాడు చాలా మర్యాదస్తుడు. టీ తెప్పించి, ఒక తెల్ల కాగితం తీసుకుని స్కేలు పెట్టి గడులు గీశాడు. ఎడమ పక్క నాలుగు పేర్లు. వాటికెదురుగా కాలేజీలను తనిఖీ చేసి న్యాక్ అనే సంస్థ ఇచ్చే గ్రేడు, ర్యాంకు, హైయెస్ట్ ప్యాకేజీ, ఫీజు. మూడు యూనివర్సిటీల గడులు టకటకా నింపేశాడు. నాలుగోది మా బామ్మర్ది చెప్పిన కాలేజీ. తిరుపతి చుట్టుపక్కలదే, అనంతపురం జేఎన్టీయూ కింద ఉండే అటానమస్ కాలేజీ. దాని ర్యాంకు గడిలో అడ్డంగా ఒక గీత పెట్టాడు.

“లోకల్ కాలేజీ సార్. కంపెనీలు బ్రాండ్ చూస్తాయి” అన్నాడు.

ఆ గీత నా బుర్రలో అట్లాగే ఉండిపోయింది. ఆ కుర్రాడికి సీటుకింత అని కమీషన్ ఉంటుందనీ, కన్వీనర్ సీటులో చేరితే అతనికి పైసా రాదనీ అప్పుడు తట్టలేదు. మేలో సీటు బ్లాకింగ్ పేరుతో 25 వేలు కట్టాం. తర్వాత ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో పాపకు ఆ ‘గీత’ కాలేజీలోనే ఈసీఈ వచ్చింది, ప్రభుత్వమే ఫీజు కట్టే రీయింబర్స్‌మెంట్‌తో సహా. మేం రిపోర్ట్ చేయలేదు, సీటు పోయింది. జూలైలో మొదటి సంవత్సరం ఫీజు, హాస్టల్ ఫీజు కట్టి, పెట్టె సర్ది యూనివర్సిటీలో దింపి వచ్చాం. చేర్చింది ఏఐ బ్రాంచిలో. ఇప్పుడంతా ఏఐయే అన్నారు మరి.

వారం తిరక్కుండా ఫోన్. “నాన్నా, మనం ఫోటోల్లో చూసింది ఈ క్యాంపస్ కాదు.”

అది నిజమే. గడియార స్తంభం, పెద్ద లైబ్రరీ ఉన్నది పాత క్యాంపస్. పాపను వేసింది అదే యూనివర్సిటీవాళ్లు వేరే ఊళ్లో కొత్తగా తెరిచిన క్యాంపస్‌లో. సెక్షన్‌కు 78 మంది. ల్యాబ్‌లో మానిటర్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదట. ప్రోగ్రామింగ్ చెప్పే మేడమ్ ఆ ఏడాదే ఎంటెక్ పూర్తి చేసి చేరినావిడ. పాపం ఆవిడ తప్పేం లేదు, రోజుకు ఐదు క్లాసులు ఆవిడకే వేస్తున్నారట.

ఆ ఆదివారం మా బామ్మర్ది చిత్తూరు వచ్చాడు. డిగ్రీ కాలేజీలో లెక్చరర్. ఆ కాగితం ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది. దాన్ని ముందు పెట్టుకుని, ల్యాప్‌టాప్ తెరిచి, ఒక్కో గడి మీదా వేలు పెట్టి అడగడం మొదలుపెట్టాడు. “బావా, ఇది దేనికి వచ్చిందో అడిగినావా?”

మొదట న్యాక్. ఏ ప్లస్ అని రాసి ఉంది. సర్టిఫికెట్ తీసి చూస్తే ఏ ప్లస్ నిజమే. ఆ గ్రేడు ఇచ్చిన పద్ధతిలో న్యాక్ నాలుగు పాయింట్లకు మార్కులు వేస్తుంది, 3.26 నుంచి 3.50 మధ్య వస్తే ఏ ప్లస్, 3.51 దాటితే ఏ ప్లస్ ప్లస్. కానీ అది సంస్థ మొత్తానికి ఇచ్చే గ్రేడు. ఏ బ్రాంచి ఎలా ఉందో అది చెప్పదు. మామూలుగా ఐదేళ్లు చెల్లుతుంది. మా పాప క్యాంపస్ పుట్టకముందు తనిఖీ జరిగిన గ్రేడది, అడ్రసు పాత క్యాంపస్‌ది. ఇంకో సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలోనే ఒక విద్యాసంస్థకు తనిఖీకి వచ్చిన న్యాక్ బృందంలోని వాళ్లను లంచం కేసులో సీబీఐ అరెస్టు చేసింది. అందుకని గ్రేడులన్నీ అబద్ధమని నేననను. గ్రేడు చూసి కళ్లు మూసుకోవద్దంటున్నానంతే.

తర్వాత ర్యాంకు. ‘దేశంలో టాప్ 100’ అని హైవే పక్క హోర్డింగ్ మీద మనిషంత అక్షరాలతో ఉంటుంది. అది కూడా నిజమే! కాకపోతే ఆ ర్యాంకు ఫార్మసీ కేటగిరీలోది. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో ఓవరాల్, యూనివర్సిటీలు, ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్, ఫార్మసీ, లా అని వేర్వేరు జాబితాలుంటాయి. ఇంజనీరింగ్ జాబితాలో వెతికితే మనది 200 దాటినవాటిని గుంపుగా పెట్టే బ్యాండ్‌లో, నంబరు కూడా లేకుండా ఉంది. హోర్డింగ్ కింది మూలలో ‘ఫార్మసీ’ అన్న మాట ఉందిలెండి. బస్సులో పోతూ చదవగలిగేంత పెద్దది కాదు. అక్కడి ఫార్మసీ నిజంగానే మంచిదట. మా పాప చేరింది ఫార్మసీలో కాదు కదా.

స్టార్ల సంగతి ఇంకా తమాషా. ‘ఇంటర్నేషనల్ 5 స్టార్’ అని గేటు మీద ఉంటే అదేదో ప్రపంచ ర్యాంకు అనుకున్నాను. క్యూఎస్ అనే విదేశీ సంస్థ ఇచ్చే ప్రపంచ ర్యాంకింగ్ వేరు, క్యూఎస్ స్టార్స్ వేరు. రెండోది యూనివర్సిటీయే అడిగి, డబ్బు కట్టి చేయించుకునే రేటింగ్. అసలు ర్యాంకింగ్‌లో కూడా 30 శాతం మార్కులు ప్రపంచంలోని ప్రొఫెసర్లను ‘ఏ యూనివర్సిటీకి మంచి పేరుంది’ అని అడిగే సర్వే నుంచే వస్తాయి. ఆ సర్వేకు జవాబిచ్చే విదేశీ ప్రొఫెసరుకు మా పాప ల్యాబ్‌లో ప్లాస్టిక్ కవర్ల సంగతి ఏం తెలుస్తుంది?

చివరికి ప్యాకేజీ. 44 లక్షలు. ఒక్క అబ్బాయికి వచ్చింది, ఫోటోతో సహా వేశారు. మా బామ్మర్ది ఇక్కడే ఒక మంచి పని చూపించాడు. ఎన్ఐఆర్ఎఫ్‌కు దరఖాస్తు చేసే ప్రతి సంస్థా తన లెక్కలు తానే రాసివ్వాలి, ఆ కాగితాన్ని తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఏ ఏడాది ఎంతమంది చేరారు, వాళ్లలో ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఎంతమంది పైచదువులకు వెళ్లారు, జీతాల మధ్య అంకె ఎంత, అన్నీ అందులో ఉంటాయి. మధ్య అంకె అంటే జీతాలను వరుసగా పేర్చితే సరిగ్గా నడిమధ్యలో ఉండేది. సగటు అయితే ఒక్క 44 లక్షలు వచ్చి అందరినీ పైకి లాగేస్తుంది, మధ్య అంకెను అలా లాగలేదు. మేం చేర్చిన చోట అది 4 లక్షల చిల్లర. పాసైన వాళ్లలో సగం మందికి కూడా ఉద్యోగం చూపించలేదు. తర్వాత మేం గీత పెట్టించుకున్న లోకల్ కాలేజీ కాగితం తీశాం. వాళ్లకు ర్యాంకు రాలేదు గానీ దరఖాస్తు చేసి ఉన్నారు కాబట్టి కాగితం ఉంది. మధ్య అంకె దాదాపు అంతే. ఫీజు మాత్రం మూడో వంతు.

కాసేపు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడే లేచి అన్నం పెట్టింది.

ఒక మాట చెప్పాలి, మేం చేర్చింది నకిలీ యూనివర్సిటీ కాదు. యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ ఏటా ఇచ్చే నకిలీల జాబితా చూశాను, అందులో లేదు. ఆ కాగితం మీద ఒక్క అబద్ధం కూడా లేదు. అన్నీ నిజాలే, కానీ ఒక్కటీ మా పాప కూర్చునే బ్రాంచిది కాదు, ఆ క్యాంపస్‌ది కాదు. నకిలీదైతే పోలీసుల దగ్గరికి పోవచ్చు. ఇలాంటిదానికి ఎవరి దగ్గరికి పోతాం?

అసలు తిరుపతిలో ఉండి, పేరు దేనికొచ్చిందో చూడాలన్న సంగతి మనకు తెలియకపోవడమే విడ్డూరం. ఒక్క ఊరి చుట్టూ ఎన్ని పేరున్న సంస్థలో చూడండి. 1954 నాటి ఎస్వీ యూనివర్సిటీ, 1983లో పెట్టిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, వెటర్నరీ యూనివర్సిటీ, స్విమ్స్ వైద్య సంస్థ, 2015లో వచ్చిన ఐఐటీ, సైన్స్ చదువుల ఐసర్. సంస్కృతం చదవడానికి దేశం నలుమూలల నుంచి మన విద్యాపీఠానికి వస్తారు. 2020లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా అయింది. ఆ పేరు సంస్కృతానికి వచ్చింది, దాన్ని చూసి అక్కడ ఎవరమూ బీటెక్ సీటు అడగం. పశువుల డాక్టరు కావాలంటే ఐఐటీ గేటు తట్టం. ఇవన్నీ తెలిసిన మనమే ప్రైవేటు యూనివర్సిటీ దగ్గరికి పోయేసరికి పేరు మొత్తం ఒక్కటే గంప అనుకుంటాం.

బ్రాంచి సంగతి తేల్చేది ఎన్‌బీఏ అనే ఇంకో సంస్థ. న్యాక్ మొత్తం కాలేజీకి గ్రేడు ఇస్తే, ఎన్‌బీఏ ఒక్కో ప్రోగ్రాముకు విడిగా గుర్తింపు ఇస్తుంది. మెకానికల్‌కు ఉండి ఈసీఈకి లేకపోవచ్చు. ఆ బ్రాంచి నుంచి కనీసం రెండు బ్యాచ్‌లు పాసై బయటికి వెళ్తే గానీ దానికి దరఖాస్తే చేయలేరు. అంటే కొత్తగా తెరిచిన ఏఐ బ్రాంచి ఎంత మంచిదైనా దానికి ఎన్‌బీఏ ఉండే అవకాశమే లేదు. ఫోన్‌లో ‘మాకు ఎన్‌బీఏ ఉంది సార్’ అంటే ‘ఏ బ్రాంచికి, ఎప్పటిదాకా’ అని అడగండి. మా దగ్గర గేటులో రసం చుక్క వేసినప్పుడు డ్రైవరు ముఖం మారినట్టు, అవతలి గొంతు మారుతుంది.

ఇక డబ్బు వెనక్కి తెచ్చుకున్న కథ. ఆగస్టులో పాపను తీసుకొచ్చేశాం. ఆఫీసులో ‘ఫీజు నాన్ రిఫండబుల్, రసీదు వెనకాల రాసుంది చూసుకోండి’ అన్నారు. టీసీ, ఇంటర్ మెమో ఒరిజినల్స్ వాళ్ల దగ్గరే ఉన్నాయి, బాకీ కడితేనే ఇస్తామన్నారు. బాకీ ఏమిటయ్యా అంటే మిగతా మూడేళ్ల ఫీజట! ఇంటికొచ్చి బామ్మర్ది సాయంతో యూజీసీ ఉత్తర్వులు తీశాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ సంస్థా తన దగ్గర ఉంచుకోకూడదని 2018 అక్టోబరు నోటిఫికేషన్‌లోనే ఉంది. 2024-25కైతే సెప్టెంబరు 30లోపు రద్దు చేసుకుంటే మొత్తం ఫీజు వెనక్కి ఇవ్వాలని, అక్టోబరు 31 వరకు వెయ్యి రూపాయలు మించి పట్టుకోకూడదని విడిగా చెప్పారు. ఆ తేదీలు ఏటా మారతాయి, మీ ఏడాదిది చూసుకోండి. రెండూ ప్రింటు తీసి, రద్దు లెటరు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. పోర్టల్‌లో పెట్టిన తొమ్మిదో రోజున సర్టిఫికెట్లు ఇచ్చారు. ట్యూషన్ ఫీజు డిసెంబరులో పడింది. హాస్టల్ ఫీజు సగమే వచ్చింది. కన్సల్టెన్సీ ద్వారా కట్టిన 25 వేలకు రసీదు కన్సల్టెన్సీ పేరు మీద ఉంది, యూనివర్సిటీ పేరు మీద లేదు. అది గోవిందా.

పాప ఇప్పుడు ఆ ‘గీత’ కాలేజీలోనే చదువుతోంది, మిగిలిపోయిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్‌లో చేరి. స్పాట్‌లో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. ఊరికే వచ్చిన సీటునే నాలుగేళ్లు జేబులోంచి కట్టి చదివిస్తున్నాను. నెల రోజుల క్లాసులు పోయాయని మొదటి సెమిస్టర్‌లో పాప చాలా టెన్షన్ పడింది, మ్యాథ్స్ గట్టెక్కింది.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేదొక్కటే. చేరే బ్రాంచి, చేరే క్యాంపస్ పేర్లు ముందు కాగితం మీద రాసుకోండి, ఆ రెండింటికీ సంబంధం లేని గడి ఏదైనా కొట్టేయండి. చూడటానికి వెళ్తే అడ్మిషన్ ఆఫీసు ఏసీలో కూర్చోకుండా మధ్యాహ్నం క్యాంటీన్ దగ్గర మూడో సంవత్సరం పిల్లల్ని పట్టుకోండి. మూడో సంవత్సరం పిల్లలే లేరంటే ఆ బ్రాంచి ఎంత కొత్తదో మీకు అర్థమైపోతుంది. కన్వీనర్ సీటు వచ్చాక ఆ ఆర్డరు చేతిలో పెట్టుకునే మిగతా బేరాలు ఆడండి. డబ్బు ఎవరి ఖాతాకు పోతోందో చూసి కట్టండి.

ఎన్ఐఆర్ఎఫ్ కాగితం ఎక్కడుందో దొరక్కపోయినా, అందులో అంకెలు అర్థం కాకపోయినా నన్నడగండి, చూసి పెడతాను. కాకపోతే ఈ నెలలోనే అడగండి. తోతాపురి లారీలు మొదలైతే జవాబు రాత్రి పదకొండు దాటాకే.