స్కాంపి చెరువుకి అన్నీ మగ పిల్లలా, అన్నీ ఆడ పిల్లలా?

గోదావరి డెల్టాలో స్కాంపి (మంచినీటి రొయ్య) సీడ్, అంటే పిల్లలు, వేసే ముందు మగా ఆడా అని తేల్చే క్రోమోజోమ్‌ల లెక్క తెలుసుకుంటే మంచిది. మనిషి, చింపాంజీ, గొరిల్లాల్లో మగకి ఎక్స్‌వై. స్కాంపిలో తిరకాసు: మగకి జెడ్‌జెడ్, ఆడకి జెడ్‌డబ్ల్యూ.

అన్నీ మగ కావాలంటే చిన్న మగ రొయ్యలో మగతనం తెచ్చే ఆండ్రోజెనిక్ గ్రంథిని తీసేయాలి, లేదా దాని జన్యువుని ఆర్‌ఎన్‌ఏ అణువులు ఎక్కించి అణచాలి. అది జెడ్‌జెడ్‌గానే ఉండి ఆడదిగా పెరుగుతుంది. మామూలు మగతో కలిపితే పిల్లలన్నీ మగే. ఆలస్యమైతే మార్పు సగంలో ఆగుతుంది.

అన్నీ ఆడ కావాలంటే దారి పొడవు. ఆడ రొయ్య పిల్లకి ఆ గ్రంథి కణాలు ఎక్కించి మగగా మార్చి, మామూలు ఆడతో కలిపితే నాలుగో వంతు డబ్ల్యూడబ్ల్యూ ఆడవి వస్తాయి. వాటిని మామూలు మగతో జత చేస్తే అన్నీ ఆడే. వానరాల్లో వైవై పిండం బతకదు, బతకడానికి అవసరమైన జన్యువులు ఎక్స్‌లో ఉన్నాయి కనుక. స్కాంపిలో జెడ్ లేకున్నా బతుకుతుంది. అసలు అద్భుతం ఇదే.

చెరువులో మగవి బరువు తూగుతాయి, కానీ సైజు ఒకేలా రాదు. నీలి డెక్కల (పట్టుకునే ముందు కాళ్ల) పెద్దవి పెత్తనం చేస్తే చిన్నవి గిడసబారతాయి. పెద్దవాటిని ముందే ఏరి పట్టేస్తే నారింజ డెక్కలవి పుంజుకుంటాయి. ఆడవి సైజు సమంగా వస్తాయి, కొట్లాట తక్కువ, ఒత్తుగా వేయొచ్చు. ఈడుకొచ్చాక బలం గుడ్లకి పోయి ఎదుగుదల మందగిస్తుంది. దఫాలుగా పట్టే ఓపిక ఉంటే మగ సీడ్, ఒకేసారి పట్టి అమ్మేవాళ్లకి ఆడ సీడే నయం.

సీడ్ కాస్త పెరిగాక కొన్ని తిరగేసి చూడండి: మగకి జననరంధ్రం అయిదో కాలి మొదట్లో, ఆడకి మూడో కాలి మొదట్లో ఉంటుంది.