పికప్ నల్ల ప్లాస్టిక్‌కి వేసిన రంగు: రెండున్నరేళ్ల తర్వాత నా అనుభవం

మాది 2017 మోడల్ డబుల్ క్యాబిన్ పికప్. ఉండేది చెన్నై కొళత్తూరులో. పదిహేను రోజులకోసారి గూడూరు దగ్గర మా నిమ్మతోటకి వెళ్లొస్తుంది. ఇంటి దగ్గర షెడ్డు లేదు కాబట్టి ఏడాది పొడుగునా ఎండలోనే నిలబడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక ప్లాస్టిక్ ఎంత? నాలుగో ఏడు వచ్చేసరికి వీల్ ఆర్చ్‌లు (చక్రాల పైన వంపుగా ఉండే ప్లాస్టిక్ అంచులు), ముందు బంపర్ కింది భాగం, వైపర్ల కింద పట్టీ అన్నీ బూడిద రంగుకి తిరిగిపోయాయి. పెయింట్ ఇంకా నిగనిగలాడుతుంటే పక్కనే ఈ పాలిపోయిన ప్లాస్టిక్. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

ఈ భాగాలు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. వీటి మీద పెయింట్ ఉండదు, నల్లరంగు ప్లాస్టిక్‌లోనే కలిసి ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి పైపొర దెబ్బతిని కంటికి కనపడని పగుళ్లు వస్తాయి. వాటి మీద వెలుగు చెదిరిపోవడం వల్ల తెల్లగా కనిపిస్తుంది. వీల్ ఆర్చ్ లోపలి అంచు, అంటే ఎండ తగలని చోటు, మా బండికి ఇప్పటికీ కొత్తదానిలా నల్లగానే ఉంది.

మొదట అందరిలాగే సిలికాన్ స్ప్రే కొట్టాను. ఆ పూటకి బ్రహ్మాండంగా మెరిసింది. రెండు వానలకి పోయింది. పోతే పోయింది, తోటలోని దుమ్మంతా దాని జిడ్డుకే అంటుకునేది. ఫుట్ స్టెప్ మీద మాత్రం ఇలాంటివి ఎప్పుడూ వేయొద్దు. ఎరువు బస్తా భుజాన ఉన్న మనిషి కాలు జారితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మా బావమరిది చెప్పాడని కొబ్బరినూనె కూడా రాశాను, మూడు రోజులు నిలిచింది. లారీలవాళ్లు డీజిల్ రాయడం చూశాను గానీ అది డోర్ రబ్బర్లకి తగిలితే రబ్బరు ఉబ్బుతుంది, అందుకే ఆ జోలికి పోలేదు.

తర్వాత ఒక షాపులో హీట్ గన్ (బాగా వేడిగాలి ఊదే పరికరం) పెట్టించాను. వేడి తగలగానే బూడిద రంగు కళ్లముందే నల్లగా మారిపోయింది, నిజంగా ఆశ్చర్యమేసింది. ఐదు నెలల్లో మళ్లీ మొదటికొచ్చింది. పైగా బంపర్ ఎడమ మూల ఒక్కచోటే ఎక్కువసేపు ఆపడంతో అక్కడి గరుకు కరిగి, అరచేయంత మేర నున్నటి మచ్చ పడింది. అది ఇప్పటికీ ఉంది. ఆ గరుకు ఒకసారి కరిగితే తిరిగి రాదు.

చివరికి నిలిచింది ప్లాస్టిక్‌కి రంగు పట్టించే రకం ట్రిమ్ రెస్టోరర్. చెన్నై జీపీ రోడ్డులో బండి యాక్సెసరీస్ షాపులు తిరుగుతుంటే, నెల్లూరు నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న కుర్రాడు ఒకడు చెప్పాడు: "అన్నా, కడగడానికి సగం రోజు పెట్టుకో. మందు పూయడానికి గంట చాలు." సీసా కన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ మాటే.

2023 సంక్రాంతి సెలవుల్లో పని పెట్టుకున్నాను. మా వీధిలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ప్లాస్టిక్ మీద నేను ఎండ దెబ్బ అనుకున్నదాంట్లో కొంత ఉప్పు మరకే. తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి తుడిస్తే అది వదిలింది. ఆ తర్వాత షాంపూ నీళ్లతో బ్రష్ పెట్టి మూడుసార్లు రుద్దాను. గరుకు సందుల్లో పాత సిలికాన్, పాలిష్ పేరుకుపోయి ఉన్నాయి. మొదటిసారి నురగ మట్టి రంగులో వచ్చింది, మూడోసారికి తెల్లగా వచ్చింది. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గుడ్డకి జిడ్డు అంటడం ఆగేదాకా వదల్లేదు.

పెయింట్ అంచుల వెంట మాస్కింగ్ టేప్ వేసి, చేతులకి గ్లవ్స్ వేసుకుని, నీడలో మొదలుపెట్టాను. ప్లాస్టిక్ వేడిగా ఉంటే మందు వెంటనే ఆరిపోయి చారలు పడతాయి. స్పాంజ్ మీద నాలుగైదు చుక్కలు చాలు. బాగా రుద్ది, మిగిలినదాన్ని మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయాలి. వెనక వీల్ ఆర్చ్‌కి నడిమధ్య టేపు అంటించి సగమే పూశాను. టేపు తీస్తే ఒకపక్క పాత పలక, ఒకపక్క కొత్త పలక పెట్టినట్టుంది. ఇంట్లో అందర్నీ పిలిచి చూపించాను. మెరుపు లేదు, జిడ్డు లేదు, షోరూం నుంచి తెచ్చిన రోజు ఉన్న మామూలు నలుపు. 30 మిల్లీలీటర్ల సీసాలో మొత్తం బండికి పూసినా మూడో వంతు మిగిలింది.

ఇప్పటికి రెండున్నరేళ్లు దాటింది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకి బండి రెండు రోజులు చక్రాల సగం దాకా నీళ్లలో ఉంది. బురద కడిగాక చూస్తే రంగు చెక్కుచెదరలేదు. మూడు ఎండాకాలాలు దాటాక వీల్ ఆర్చ్‌ల్లో తేడా దగ్గరికెళ్లి చూస్తేనే తెలుస్తుంది. డోర్ హ్యాండిళ్లు చేతులు తగిలి తగిలి కాస్త వెలిశాయి. వైపర్ల కింద పట్టీ మాత్రం ఏడాదిన్నరకే బూడిద రంగుకి తిరగడం మొదలుపెట్టింది. పైనుంచి ఎండ, కిందనుంచి ఇంజన్ వేడి, మధ్యలో అది.

పార్కింగ్‌కి షెడ్డు ఉన్నవాళ్లకి ఇంత అవసరం పడకపోవచ్చు. బండి ఎండలో ఉండేవాళ్లయితే సిలికాన్ స్ప్రేల మీద పెట్టే డబ్బు దీని మీద పెట్టమంటాను. కడగడానికి ఓపిక లేకపోతే మాత్రం కొనొద్దు, జిడ్డు మీద పూస్తే నెలలోపే మచ్చలు మచ్చలుగా లేచిపోతుంది. కుడి ముందు వీల్ ఆర్చ్ మూలని ఆల్కహాల్‌తో తుడవడం ఆ రోజు మరిచిపోయాను, సరిగ్గా అక్కడే లేచింది.

మిగిలిన మందు సీసాలో ఇంకా పలచగానే ఉంది, గడ్డకట్టలేదు. వచ్చే ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, ఆ పట్టీకీ ఈ మూలకీ రెండోసారి పూస్తాను.