దేవరగట్టు బన్ని: ఎక్కడ దిగాలి, ఎక్కడ నిలబడాలి, ఎవరి మాట వినాలి

"బన్నికా?" అన్నాడు ఆదోని లాడ్జి కౌంటర్లో కూర్చున్న పెద్దాయన, నా ఆధార్ కార్డు తిరగేస్తూ. "అయితే రెండు రోజుల బాడుగ ఇప్పుడే కట్టేయప్పా. పోయినేడు ఒకాయన సామాను రూములో ఉండిపాయె, ఆయనేమో ఆస్పత్రిలో. బాడుగ ఎవరినడగాల?"

నవ్వుతూనే అన్నాడు గానీ రసీదు మాత్రం ముందే రాసేశాడు. కట్టేశాను.

అది 2025 అక్టోబర్ 2. విజయదశమీ గాంధీ జయంతీ ఒకే రోజు పడ్డాయి. పగలంతా ఊళ్లో బాపూ పటాలకు దండలు వేస్తున్నారు. ఆ రాత్రికే, అక్కడికి గంటన్నర దూరంలో, వేలమంది కట్టెలు పట్టుకుని ఒక గుట్ట కింద చేరబోతున్నారు.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. దేవరగట్టు కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. గుట్ట మీద మాళ మల్లేశ్వరస్వామి గుడి. మణి, మల్లాసురుడు అనే రాక్షసులను శివుడు చంపాడన్న కథ ఇక్కడిది. మహారాష్ట్రలో జెజూరి ఖండోబా దగ్గరా, కర్ణాటకలో మైలార లింగప్ప దగ్గరా ఇదే కథ, ఇదే పసుపు. మన కొమురవెల్లి మల్లన్నా ఆ చుట్టమే. బన్ని అంటే కన్నడంలో జమ్మిచెట్టు. దసరా అర్ధరాత్రి స్వామికి కల్యాణం చేసి, ఉత్సవ విగ్రహాలను గుట్ట దించి ఊరేగిస్తారు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు విగ్రహాల చుట్టూ కట్టెలతో కాపు కాస్తారు. అరికెర, సుళువాయి, ఎల్లార్తి, బిలేహాల్ లాంటి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు విగ్రహాలను దక్కించుకోవాలని వస్తారు. పేపర్లు దీన్ని కర్రల సమరం అంటాయి. నెరణికిలో ఆ మాటంటే మొహం తిప్పుకుంటారు.

ముందు బస సంగతి. ఆలూరు దగ్గరే గానీ లాడ్జీలు తక్కువ, దసరాకు ఉన్నవీ దొరకవు. గుంతకల్లు జంక్షన్ కాబట్టి తెల్లారి రైలెక్కేసేవాళ్లకు అదే మేలు. కుటుంబంతో వచ్చేవాళ్లు మంత్రాలయంలో దిగడం మంచిది. మఠం గదులు శుభ్రంగా ఉంటాయి, కాకపోతే సెలవుల్లో ముందుగా చూసుకోవాలి, అక్కణ్ణుంచి దూరమూ ఎక్కువ. నేను హైదరాబాదు నుంచి కర్నూలు, ఎమ్మిగనూరు మీదుగా బస్సులో వచ్చి ఆదోనిలో దిగాను. రూము బాగానే ఉంది. బకెట్లో నీళ్లు ఉప్పగా ఉన్నాయి. ఫ్యాను తిరిగినంతసేపూ ఏదో చెప్పుకుని ఏడ్చింది. కానీ కింద వీధిలో పొద్దున్నే వేడివేడి ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. దాని ముందు ఫ్యాను ఏడుపు ఒక లెక్కలోది కాదు.

సాయంత్రం అయిదింటికి బయల్దేరాం. నాతో పాటు ఆఫీసులో పనిచేసే కుర్రాడు. వాళ్ల మేనమామది ఆలూరు పక్క పల్లె. ఆయనే బండి తెచ్చాడు. దారిలో మూడు చోట్ల ఆపారు. డిక్కీ తెరిపించి, సీటు కింద టార్చి వేసి చూశారు. వెతుకుతున్నవి రెండే: మందు సీసాలు, ఇనుప రింగులు తొడిగిన కట్టెలు. మామూలు కట్టెను మాత్రం ఎవరూ లాక్కోలేదు. మా ముందు మోటార్ సైకిల్ మీద వెళ్తున్న ముసలాయన కట్టెను ఒక కానిస్టేబుల్ చేతిలోకి తీసుకుని, కొసన వేళ్లతో తడిమి చూసి, తిరిగి ఇచ్చేశాడు. ఇస్తూ "పెద్దాయనా, జాగ్రత్త" అన్నాడు.

ఆ ఒక్క దృశ్యంలో అక్కడి శాంతిభద్రతల విధానం మొత్తం కనబడింది నాకు. కట్టెను ఆపడం చేతకాదు. కట్టె కొసన ఇనుమును ఆపవచ్చు. అంతవరకే వాళ్ల గీత. ఆ గీతను ఎక్కడ గీయాలో మాత్రం స్టేషన్లో తేల్చలేదు. పండగకు ముందు పోలీసులు ఊరూరా తిరిగి పెద్దలతో మీటింగులు పెడతారు. పాత కేసులున్నవాళ్లను బైండోవర్ చేస్తారు, అంటే గొడవ చేయమని పూచీకత్తు రాయించుకుంటారు. సీసీ కెమెరాలు, డ్రోన్లు, వందలమంది సిబ్బంది, అన్నీ ఉంటాయి. అయినా ఎంతవరకు కుదురుతుందో చెప్పేది పెద్దలే.

బండి దూరంగా ఆపి నడిచాం. దారికి రెండు వైపులా అంగళ్లు, బొరుగులు, ఖర్జూరాలు, పసుపు పొట్లాలు. నల్ల కంబళ్లు వేసుకుని, డమరుకాలు పట్టుకున్న గొరవయ్యలు, అంటే స్వామి దీక్ష తీసుకున్న భక్తులు, కన్నడంలో పాడుతున్నారు. మధ్యలో తెలుగు. ఇక్కడ ఎవరి నోట్లోనైనా రెండు భాషలూ కలిసే వస్తాయి. మంచినీళ్ల ట్యాంకర్లు ఉన్నాయి. ఆడవాళ్లకు మరుగుదొడ్ల ఏర్పాటు మాత్రం నా కంటికి కనిపించలేదు. ఇంతమంది వచ్చే చోట అదేం చిన్న లోపం కాదు. చీకటి పడేదాకా ఓర్చుకుని కూర్చున్న ఆడవాళ్లను చూశాక డ్రోన్ల గురించి గొప్పగా రాయబుద్ధి కావడం లేదు. ఫోను సిగ్నలు ఎనిమిది దాటాక పోయింది. విడిపోతే ఎక్కడ కలవాలో వెలుతురుండగానే అనుకోండి.

మామ మమ్మల్ని తనకు తెలిసిన ఒక నెరణికి పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు. చెప్పుల్లేని కాళ్లు, చేతికి కంకణం. దీక్షలో ఉన్నారు. నెరణికిలో ఈ రోజుల్లో చెప్పులు వేసుకోరు, నీచు ముట్టరు, మందు ముట్టరు. నేను తెలివితక్కువగా "ఈసారి పోలీసులు గట్టిగా ఉన్నారటగా?" అని అడిగాను.

"ఉండనీ. వాళ్ల పని వాళ్లు చేస్తారు" అన్నాడాయన. "మా పని మేం పాలబాసలోనే చేసినాము."

పాలబాస గురించి అంతకుముందు చదివాను గానీ దాని బరువు తెలియదు. విగ్రహాలకు కాపు కాసే మూడు ఊళ్లవాళ్లూ కలిసి పాలు ముట్టుకుని ప్రమాణం చేస్తారు. ఊరేగింపు ముగిసి స్వామి తిరిగి సింహాసనకట్ట అనే అరుగు మీద కూర్చునేదాకా ఒకరితో ఒకరు కొట్లాడరు. పొలం గట్టు తగాదాలు, ఎన్నికల కక్షలు, ఆడపిల్ల విషయంలో మాటలు మానేసిన ఇళ్ల మధ్య పట్టింపులు, అన్నీ ఆ పాల దగ్గర ఆగాలి.

"సర్పంచి ఎవరి పార్టీ అయినా కానీ సామీ, ఆ రాత్రి పార్టీ లేదు. నా పక్కన నిలబడేది నాకు పడనోడే అయినా వాని తలమీద పడే దెబ్బను నా కట్టెతో ఆపాల. ఆపకపోతే పాల మీద చేసిన బాస ఏమైతాది?"

"మరి తలలు పగులుతున్నాయి కదా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "బాస చేసినోళ్ల తల బాస చేసినోడు పగలగొట్టడు. బాస చేయనోళ్లు వేలమంది వస్తాండారు. వాళ్లకు పాలెవరు పట్టాల?"

ఈ మాట మీద నేను చాలాసేపు ఆలోచించాను. ఆయన తమ ఊరివాళ్లను పూర్తిగా వెనకేసుకొస్తున్నాడని తెలుసు. అయినా అందులో నిజం ఉంది. ప్రమాణం మూడు ఊళ్లకు సరిపోయే కొలతలో కుట్టిన చొక్కా. ఇప్పుడు ఆ రాత్రి గుట్ట కిందికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ కొలతలో లేరు. పక్క జిల్లాల నుంచీ బళ్లారి వైపు నుంచీ చూడ్డానికి వచ్చేవాళ్లు, ఫోన్లో తీయడానికి వచ్చేవాళ్లు. నేనూ అందులో ఒకణ్ణే. కట్టుబాటు పట్టుకోలేని ఈ మిగతా జనం కోసమే చెక్‌పోస్టులూ కెమెరాలూ. లోపలి వలయానికి పాలు, బయటి వలయానికి లాఠీ. ఈ రెండూ కలిసే చోట, ఎవరి మాటా చెల్లని ఒక పదడుగుల చీకటి ఉంటుంది. దెబ్బలు ఎక్కువ పడేది అక్కడే.

నిలబడే చోటు గురించి మామ ఒకటే మాట చెప్పాడు: చెట్టెక్కొద్దు, సింహాసనకట్ట దగ్గరికి పోవద్దు. కొమ్మ విరిగి జనం పడిన ఏడూ ఉందట. మేం గుట్ట వాలులో ఒక పెద్ద బండ మీద కూర్చున్నాం. వెనక రాయి, ముందు వాలు, పారిపోవడానికి కుడివైపు దారి. ఆ బండను సిఫారసు చేస్తాను గానీ గుర్తు చెప్పలేను. చీకట్లో అన్ని బండలూ ఒకలాగే ఉన్నాయి.

అర్ధరాత్రి దాటాక పైనుంచి దివిటీలు కదిలాయి. "డుర్ర్‌ర్... గోపరాక్!" అన్న అరుపు మొదట ఒక గొంతులో, తర్వాత వెయ్యి గొంతుల్లో. ఆ తర్వాత వినిపించింది కట్టె మీద కట్టె పడే చప్పుడు. దూరం నుంచి వింటే వడగళ్లు రేకుల కప్పు మీద పడ్డట్టు. విగ్రహాలు కనిపించవు. కాగడాల వెలుగూ దుమ్మూ కలిసిన ఒక ముద్ద అటూ ఇటూ ఊగుతూ కదులుతుంది. దాని అంచుల నుంచి అప్పుడప్పుడు ఒక మనిషి విడిపడి, తల పట్టుకుని, పక్కకొచ్చి కూర్చుంటాడు. పొట్లం విప్పి పసుపు అద్దుకుంటాడు. మళ్లీ లోపలికి పోతాడు. నేను చూస్తుండగానే ఒక కుర్రాడు మూడుసార్లు అలా వచ్చి వెళ్లాడు.

వైద్య శిబిరం గురించి మంచి చెప్పాలి. టెంటులో మంచాలు వేశారు, కుట్లు వేసే డాక్టర్లున్నారు, బయట 108 బండ్లు వరుసగా నిలిపారు. రెండున్నరకి అక్కడికి వెళ్తే మాటల్లేకుండా పనిచేస్తున్నారు. వచ్చినవాళ్లలో చాలామంది పేరు చెప్పడానికి తటపటాయిస్తున్నారు. పేరు రాస్తే కేసవుతుందన్న భయం కొందరిది. స్వామి దగ్గర తగిలిన దెబ్బకు స్వామి పసుపే మందన్న నమ్మకం ఇంకొందరిది. మర్నాడు పేపర్లో వందమంది దాకా గాయపడ్డారనీ ప్రాణాలు కూడా పోయాయనీ చదివాను. ఆ వందలో నా మూడుసార్ల కుర్రాడు ఉండడు. పసుపు అద్దుకున్న ఏ తలా ఏ రిజిస్టరులోకీ ఎక్కదు. ఎంత సిబ్బందిని పెట్టాలో, ఎన్ని మంచాలు వేయాలో తేల్చేది ఆ రిజిస్టరే. వాడికి "పేరొద్దు, కుట్టు మాత్రం వేయించుకో" అని చెప్పగలిగింది కంకణం కట్టుకున్న ఆ పెద్దాయన లాంటివాడే గానీ, మైకులో అరిచే మనిషి కాదు. వైద్య శిబిరం గుమ్మం దగ్గర ఊరి పెద్ద ఒకాయన కూర్చుని ఉంటే బాగుండేదనిపించింది.

ఊరేగింపు ముళ్లబండ, పాదాలగట్టు దాటి రక్షపడ అనే చోటికి చేరింది. అక్కడ ఒక గొరవయ్య తన తొడ నుంచి పిడికెడు రక్తం ఇస్తాడు. రాక్షసులకు మాట ఇచ్చిన బాకీ అది. ఆ చోటికి మేం వెళ్లలేదు. నాకు అంత గుండె లేదు. జమ్మిచెట్టు దగ్గర పూజ అయ్యాక, తెల్లవారుజామున ఎదురు బసవన్న గుడి దగ్గర పూజారి కార్ణికం, అంటే ఏడాది జోస్యం, చెప్పాడు. రాత్రంతా గోల చేసిన జనం ఒక్కసారిగా నోరు మూసుకున్నారు. వానలెట్లా, జొన్నెట్లా, పత్తి ధరెట్లా. ఆదోని పత్తి మార్కెట్టు ఎంత పెద్దదో తెలిసినవాళ్లకు ఆ నిశ్శబ్దం అర్థమవుతుంది. ఇన్ని వేలమందిని ఒక్క క్షణంలో నిలబెట్టగలిగిన గొంతు ఆ రాత్రంతా అదొక్కటే విన్నాను.

మళ్లీ వెళ్తానా? దసరా రాత్రికి వెళ్లను, మిమ్మల్నీ వెళ్లమనను. జనం తగ్గడమే అక్కడి మూడు ఊళ్లకు మనం చేసే ఉపకారం. ఆ తర్వాతి రోజుల్లో వెళ్లండి. రథోత్సవం ఉంటుంది, గొరవయ్యల ఆటలుంటాయి, గొలుసు తెంపు అనే వేడుక ఉంటుంది. పసుపు గాల్లో తేలుతుంటుంది, కట్టెలు మూలన ఉంటాయి. గుట్టెక్కి తీరిగ్గా దేవుణ్ణి చూడొచ్చు. పెద్దలు కూడా మాట్లాడే తీరికతో ఉంటారు. మామూలు రోజుల్లో ఆలూరు నుంచి ఆటోలు దొరుకుతాయని మామ చెప్పాడు. తిరుగు ప్రయాణానికి ముందే మాట్లాడుకోండి.

ఏడున్నరకి లాడ్జి చేరాం. వంటి నిండా దుమ్ము, చొక్కా మీద ఎవరి చేతిదో పసుపు మరక. కౌంటర్లో పెద్దాయన కళ్లద్దాలు పైకి తోసి, ముందు నా తల వైపు చూశాడు, తర్వాత కుర్రాడి తల వైపు.

"రెండో రోజు ఉంటారా, పోతారా?"

"పోతామండీ."

సొరుగు లాగి ఒక రోజు బాడుగ లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. "ఉగ్గాని అయిపోతాది, బిర్న పోండి" అన్నాడు.